గర్భిణికి థైరాయిడ్ క్యాన్సర్: తొందరా వద్దు, నిర్లక్ష్యమూ వద్దు

గర్భవతికి క్యాన్సర్ ఉన్నదని తెలిసిన ఇంట్లో మొట్టమొదట తలెత్తే ప్రశ్న ఒకటే: తల్లిని కాపాడుకోవాలా, బిడ్డను కాపాడుకోవాలా? కొన్ని వ్యాధుల విషయంలో ఈ ప్రశ్న నిజంగానే కుటుంబాలను నిలదీస్తుంది. కానీ థైరాయిడ్ గ్రంథికి వచ్చే క్యాన్సర్లలో అత్యధిక భాగానికి ఈ ప్రశ్న వర్తించదు. తల్లి తన బిడ్డను క్షేమంగా కని, చికిత్స పూర్తి చేసుకొని, ఆ బిడ్డను పెంచి పెద్దచేసే అవకాశం ఈ వ్యాధిలో ఎంతో ఎక్కువ. ఈ సంగతి సకాలంలో తెలియకపోవడం వల్ల కొన్ని కుటుంబాలు భయంతో గర్భస్రావానికి సిద్ధపడతాయి. మరికొన్ని కుటుంబాలు కాన్పు అయ్యేదాకా విషయాన్ని దాచిపెట్టి, ఆమె వేసుకోవలసిన మాత్రలను కూడా మాన్పిస్తాయి. ఈ రెండు దారులూ నష్టానికే తీసుకుపోతాయి. వీటి మధ్య ఒక నడిమి మార్గం ఉన్నది. దానిని పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

గ్రంథి, గడ్డ, క్యాన్సర్

థైరాయిడ్ మెడ ముందు భాగంలో, శ్వాసనాళాన్ని ఆనుకొని, సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి. శరీరంలోని ప్రతి అవయవం పనిచేసే వేగాన్ని ఇది స్రవించే హార్మోన్లు నియంత్రిస్తాయి. గర్భం ధరించిన తొలి వారాల నుంచే ఈ గ్రంథిపై భారం పెరుగుతుంది. గర్భస్థ శిశువు తన సొంత థైరాయిడ్ హార్మోన్‌ను తయారుచేసుకోవడం సుమారు 12వ వారం తర్వాతనే మొదలుపెడుతుంది. అప్పటిదాకా శిశువు మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం. ఆ తర్వాత కూడా కొన్ని వారాలపాటు తల్లి సహాయం కావలసే ఉంటుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే, ముందు చెప్పబోయే జాగ్రత్తలలో సగం వాటంతట అవే అర్థమవుతాయి.

మెడలో గడ్డ కనిపించినంత మాత్రాన అది క్యాన్సర్ అని బెంబేలు పడనక్కరలేదు. థైరాయిడ్ గడ్డలలో పదింటికి సుమారు తొమ్మిది క్యాన్సర్ కావు. అయితే థైరాయిడ్ క్యాన్సర్ పురుషులలో కంటే స్త్రీలలో సుమారు మూడు రెట్లు ఎక్కువ. అదీ పిల్లలను కనే వయసులో తరచుగా బయటపడుతుంది. కనుక గర్భిణికి జరిపే పరీక్షల సందర్భంలో ఇది కనబడటం అరుదైన వింత కాదు.

మన ఇళ్ళలోని స్త్రీలు మెడను కప్పి ఉంచుకుంటారు. ఇతరులు చూసి చెప్పే అవకాశం తక్కువ కనుక గడ్డ చాలాకాలం ఎవరి కంటా పడకపోవచ్చు. తమంతట తాము చూసుకోవడం మేలు. అద్దం ముందు నిలబడి, తలను కొద్దిగా వెనుకకు వంచి, ఒక గుక్క నీరు మింగాలి. మింగేటప్పుడు కంఠమణి కింద ఏదైనా ఉబ్బు పైకి కిందికి కదులుతున్నట్లు కనిపిస్తే వైద్యునికి చూపించాలి. ఎడతెగని బొంగురు గొంతు, మింగడంలో కష్టం, మెడ పక్కన గట్టి బిళ్ళలు కూడా ఉపేక్షించకూడని లక్షణాలే. పరీక్షించేది పురుష వైద్యుడైతే భర్తో, మరో స్త్రీయో పక్కన ఉండేలా చూసుకోవచ్చు. సంకోచం వల్ల పరీక్షనే మానుకోవడం మాత్రం సరికాదు. అవసరం ఏర్పడినప్పుడు వైద్యునికి చూపించడాన్ని షరీఅత్ అడ్డుకోలేదు.

ఏ పరీక్ష చేయించవచ్చు? ఏది కూడదు?

గర్భిణికి అల్ట్రాసౌండ్ పరీక్ష సురక్షితం. శిశువును చూసేందుకు వాడేది కూడా ఇదే. మెడపై జరిపే అల్ట్రాసౌండ్‌లో గడ్డ పరిమాణం, అంచులు, లోపలి స్వరూపం, పక్కనున్న లింఫ్ గ్రంథుల స్థితి తెలుస్తాయి. అనుమానం కలిగితే సన్నని సూదితో గడ్డలోని కణాలను తీసి పరీక్షిస్తారు. దీనినే ఎఫ్‌ఎన్‌ఏసీ అంటారు. గర్భం ఏ నెలలో ఉన్నా ఈ సూది పరీక్ష చేయించుకోవచ్చు. దీనివల్ల శిశువుకు హాని లేదు.

సూది పరీక్ష నివేదికలో ‘బెథెస్డా’ అన్న మాట పక్కన 1 నుంచి 6 వరకు ఒక అంకె ఉంటుంది. 2 అంటే క్యాన్సర్ కాని గడ్డ. 6 అంటే క్యాన్సర్ అని తేలినట్లు. 5 అంటే బలమైన అనుమానం. 3, 4 అంకెలు తేల్చి చెప్పలేని స్థితిని సూచిస్తాయి. ఇవి కనిపించగానే కంగారుపడి ఆపరేషన్‌కు పరుగెత్తనక్కరలేదు. 1 అంటే తీసిన కణాలు చాలలేదని అర్థం, అంతే.

గర్భిణికి ఎంతమాత్రం చేయకూడనివి రెండున్నాయి. ఒకటి, రేడియోధార్మిక పదార్థాన్ని శరీరంలోకి ఎక్కించి తీసే థైరాయిడ్ స్కాన్. రెండు, రేడియో అయోడిన్ చికిత్స. శిశువు థైరాయిడ్ 10 నుంచి 12 వారాల మధ్య అయోడిన్‌ను పట్టుకోవడం నేర్చుకుంటుంది. తల్లికి ఇచ్చిన రేడియో అయోడిన్ మాయ ద్వారా శిశువును చేరి, ఆ లేత గ్రంథినే నాశనం చేయగలదు. అందుకే పరీక్షకు వెళ్ళిన ప్రతిచోటా, ఎవరూ అడగకపోయినా, ‘నేను గర్భవతిని’ అని ముందుగా చెప్పాలి. నెల తప్పిందేమోనన్న అనుమానం మాత్రమే ఉన్నా చెప్పాలి.

ఎదురుచూడటం కూడా చికిత్సే

థైరాయిడ్ క్యాన్సర్లలో సుమారు 80 శాతం ‘పాపిల్లరీ’ రకానికి చెందినవి. ఇవి సాధారణంగా చాలా నెమ్మదిగా పెరుగుతాయి. ఈ నిదానమే గర్భిణికి వెసులుబాటు. కాన్పు దాకా ఆగి, ఆ తర్వాత ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలకు, గర్భంతో ఉండగానే చేయించుకున్న స్త్రీలకు మధ్య వ్యాధి ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా సాధారణంగా కనబడలేదు. అందుచేతనే అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2017లో వెలువరించిన మార్గదర్శకాలు, గర్భం తొలి దశలో బయటపడిన పాపిల్లరీ క్యాన్సర్‌ను అల్ట్రాసౌండ్‌తో గమనిస్తూ ఉండవచ్చని సూచించాయి.

దీనికి బలమైన ఆధారం జపాన్ నుంచి కూడా లభించింది. కోబె నగరంలోని కుమా ఆసుపత్రి, ఒక సెంటీమీటరుకు మించని పాపిల్లరీ క్యాన్సర్లను వెంటనే కోయకుండా క్రమం తప్పక పరిశీలించే పద్ధతిని 1993లో ప్రారంభించింది. అలా పరిశీలనలో ఉండగా గర్భం ధరించిన స్త్రీల వివరాలను అక్కడి వైద్యులు 2016లో ప్రచురించారు. మొత్తం 51 గర్భాలలో 46 సందర్భాల్లో గడ్డ పరిమాణం మారలేదు. ఒక సందర్భంలో తగ్గింది. నాలుగింటిలో మాత్రమే 3 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి పెరిగింది. లింఫ్ గ్రంథులకు కొత్తగా పాకిన సందర్భం ఒక్కటి కూడా లేదు. ఇవి చిన్న గడ్డలకు సంబంధించిన లెక్కలు. పెద్ద గడ్డలకు వీటిని యథాతథంగా వర్తింపజేయరాదు. అయినా, గర్భం వచ్చింది కనుక క్యాన్సర్ నిప్పులా రాజుకుంటుందన్న భయానికి ఇవి చక్కని సమాధానం.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పదలచాము. ఎదురుచూడటం వేరు, వదిలివేయడం వేరు. ప్రతి మూడు నెలలకు ఒకసారి మెడకు అల్ట్రాసౌండ్ చేయించుకోవడం, రక్తంలో టీఎస్‌హెచ్ పరీక్ష జరిపించుకోవడం, గొంతులోనో మెడలోనో మార్పు కనబడితే గడువుకు ముందే వైద్యుని వద్దకు వెళ్ళడం, ఇవన్నీ కలిస్తేనే అది ఎదురుచూడటం అవుతుంది. టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉంటే గడ్డకు ప్రేరణ కలగకుండా మాత్ర ఇచ్చి, దానిని 0.3 నుంచి 2.0 మధ్య ఉంచేందుకు వైద్యులు ప్రయత్నిస్తారు. తాయెత్తు కట్టించి ఇంట్లో కూర్చోబెట్టడం ఎదురుచూడటం కాదు. ఒంటెను కట్టివేసిన తర్వాతే దైవంపై భారం వేయాలన్న ప్రవక్త (స) బోధ ముస్లిం ఇళ్ళలో తెలియనివారుండరు. ఈ వ్యాధిలో క్రమం తప్పని పరీక్షలే ఆ కట్టుతాడు.

ఆపరేషన్ ఆగనిది ఎప్పుడు?

అన్ని సందర్భాల్లోనూ కాన్పు దాకా ఆగవచ్చని మా ఉద్దేశం కాదు. గర్భం 24 నుంచి 26 వారాలు నిండేలోపు గడ్డ గణనీయంగా పెరిగినా, మెడలోని లింఫ్ గ్రంథులకు వ్యాధి పాకినట్లు సూది పరీక్షలో తేలినా, గర్భంతో ఉండగానే ఆపరేషన్ గురించి వైద్యులు ఆలోచిస్తారు. దానికి అనువైన కాలం నాలుగు, ఐదు, ఆరు నెలలు. మొదటి మూడు నెలల్లో శిశువు అవయవాలు రూపుదిద్దుకుంటూ ఉంటాయి, గర్భస్రావం భయమూ ఉంటుంది. చివరి మూడు నెలల్లో నెలలు నిండకముందే నొప్పులు వచ్చే ప్రమాదం ఎక్కువ. ఐదవ నెల దాటాక వ్యాధి బయటపడి, గడ్డ నిలకడగా ఉంటే, సాధారణంగా కాన్పు తర్వాతకే వాయిదా వేస్తారు.

‘మెడుల్లరీ’ అనే మరో రకం ఉన్నది. దానికి రేడియో అయోడిన్ పనిచేయదు. ఆలస్యం చేస్తే నష్టం ఎక్కువ కావచ్చు కనుక గర్భిణి విషయంలో కూడా ఆపరేషన్‌ను గట్టిగా పరిశీలిస్తారు. ఈ రకం సుమారు నాలుగింట ఒక వంతు సందర్భాల్లో వంశపారంపర్యంగా వస్తుంది. కనుక ఆమె తోబుట్టువులకు, పిల్లలకు కూడా పరీక్ష అవసరం కావచ్చు. నివేదికలో క్యాన్సర్ అన్న మాటతో ఆగిపోకుండా అది ఏ రకమో తెలుసుకోవడం ఇందుకే ముఖ్యం.

ఆపరేషన్‌కు రెండు చిక్కులున్నాయి. స్వరపేటికకు వెళ్ళే నరం థైరాయిడ్‌ను ఆనుకొని పోతుంది, దానికి దెబ్బ తగిలితే గొంతు మారుతుంది. గ్రంథి వెనుక ఉండే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతింటే రక్తంలో కాల్షియం పడిపోయి, పెదవుల చుట్టూ, వేళ్ళ కొనలకు తిమ్మిరి పుడుతుంది. థైరాయిడ్ ఆపరేషన్లు తరచుగా చేసే అనుభవజ్ఞుల చేతిలో ఈ చిక్కులు తక్కువ. అందుచేత ఇంటికి దగ్గరి ఆసుపత్రి ఏది అన్నదాని కంటే, ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే చోటు ఏది అని విచారించాలి. కాన్పు వైద్యురాలు, ఎండోక్రైన్ వైద్యుడు, శస్త్రవైద్యుడు ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఆసుపత్రి అయితే మరీ మంచిది.

మాత్ర విషయంలో పొరపాట్లు

గర్భిణి మందులు వాడకూడదన్న నమ్మకం మన పెద్దలలో బలంగా ఉన్నది. చాలా మందుల విషయంలో ఆ జాగ్రత్త మంచిదే. కానీ లెవోథైరాక్సిన్ మాత్ర శరీరానికి పరాయి పదార్థం కాదు. గ్రంథి ఇవ్వవలసిన హార్మోన్‌నే అది అందిస్తుంది. గ్రంథిని పూర్తిగా తొలగించుకున్న స్త్రీ గర్భం ధరించి ఈ మాత్ర మానివేస్తే, తొలి వారాల్లో బిడ్డ మెదడుకు అందవలసిన ఆధారం తెగిపోతుంది.

మానకపోవడమే కాదు, గర్భం వచ్చాక మోతాదు పెంచవలసి ఉంటుంది. 4 నుంచి 6 వారాల నుంచే అవసరం పెరగడం మొదలవుతుంది. సాధారణంగా పాతికనుంచి యాభై శాతం దాకా పెరగవచ్చు. అందుచేత నెల తప్పిందని తెలిసిన రోజే వైద్యునికి తెలియజేయాలి. గర్భం సగం పూర్తయ్యేదాకా సుమారు 4 వారాలకు ఒకసారి, 30వ వారం సమీపంలో మరొకసారి టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోవాలి. కాన్పు తర్వాత మోతాదును మళ్ళీ పాత స్థాయికి తగ్గిస్తారు.

ఈ మాత్రను పరగడుపున నీళ్ళతో వేసుకోవాలి. అరగంట నుంచి గంట దాకా టీ, పాలు, అల్పాహారం తీసుకోరాదు. ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు దీనిని శరీరానికి పట్టనివ్వవు. వాటికీ దీనికీ మధ్య కనీసం 4 గంటల వ్యవధి ఉండాలి. మూడింటినీ ఒకేసారి మింగి, ‘మందు వాడుతూనే ఉన్నాము కదా, టీఎస్‌హెచ్ ఎందుకు దిగడం లేదు?’ అని ఆశ్చర్యపోయే సందర్భాలకు కారణం తరచుగా ఇదే.

ఈ మందు హలాలేనా అన్న సందేహం కొందరికి ఉంటుంది. పూర్వకాలంలో పశువుల, పందుల థైరాయిడ్ గ్రంథులను ఎండబెట్టి చేసిన పొడిని వాడేవారు. కొన్ని దేశాల్లో అది ఇప్పటికీ దొరుకుతుంది. లెవోథైరాక్సిన్ అలాంటిది కాదు, ఈ ఔషధాన్ని రసాయనికంగా తయారుచేస్తారు. ఈ అనుమానంతో మాత్రను వదులుకోనక్కరలేదు.

మరొక పొరపాటు ఉప్పు విషయంలో జరుగుతుంది. రేడియో అయోడిన్ చికిత్సకు ముందు కొద్దికాలం అయోడిన్ తక్కువ ఉండే ఆహారం తీసుకోమంటారు. దీనిని విని, గర్భిణి కూడా అయోడిన్ ఉప్పు మానాలని కొందరు అనుకుంటారు. ఇది తప్పు. గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. వైద్యుడు చెప్పనిదే అయోడిన్ ఉప్పు మానరాదు.

రమజాన్ వచ్చినప్పుడు

గర్భిణి తనకో, కడుపులోని బిడ్డకో హాని కలుగుతుందని భయపడితే ఉపవాసం విరమించుకొని తర్వాత పూర్తిచేసుకునే వెసులుబాటు ధర్మశాస్త్రంలో ఉన్నది. రోగికి ఇతర దినాలలో ఉపవాసాలు పూర్తిచేసుకునే అనుమతిని దివ్య ఖుర్ఆన్ అల్ బఖర అధ్యాయంలోనే ఇచ్చింది. దైవం ఇచ్చిన రాయితీని స్వీకరించడం విశ్వాసంలో లోపం కాదు. వ్యాధితో ఉన్న గర్భిణిని ‘మా కాలంలో నిండు నెలలతోనూ ఉపవాసాలు పాటించాము’ అని పోల్చి నొప్పించడం పెద్దలకు తగదు.

కాన్పు అయి, చికిత్స పూర్తయి, వైద్యుని అనుమతితో ఉపవాసాలు పాటించే స్త్రీ మాత్ర మానకూడదు. ఇఫ్తార్ భోజనం ముగిసి మూడు గంటలు గడిచాక పడుకునే ముందు వేసుకోవచ్చు. లేదా సహ్రీ తినడానికి అరగంట నుంచి గంట ముందు లేచి వేసుకోవచ్చు. ఏ వేళ ఎంచుకున్నా నెలంతా అదే వేళను పాటించాలి.

చనుబాలు, రేడియో అయోడిన్

ఆపరేషన్ తర్వాత రేడియో అయోడిన్ అందరికీ అవసరం లేదు. చిన్న గడ్డ, వ్యాప్తి లేని వ్యాధి అయితే అది లేకుండానే సరిపోతుంది. కనుక ‘నాకు ఇది నిజంగా అవసరమా? కొన్ని నెలలు ఆగవచ్చునా?’ అని అడగటం తల్లి హక్కు. మాత్ర వేసుకుంటూ పాలివ్వడానికి మాత్రం ఏ అభ్యంతరమూ లేదు.

రేడియో అయోడిన్ తప్పనిసరి అయితే పాలు మాన్పించక తప్పదు. పాలిచ్చే స్తనాలు అయోడిన్‌ను పీల్చుకుంటాయి. అందుకే చికిత్సకు కనీసం 6 వారాల ముందు, వీలైతే 3 నెలల ముందు పాలివ్వడం నిలిపివేయాలి. ఆ బిడ్డకు మళ్ళీ పాలివ్వకూడదు. తర్వాతి కాన్పులలో పుట్టే బిడ్డలకు ఇవ్వవచ్చు. చికిత్స పొందాక కొన్ని రోజులపాటు పసిపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాలని వైద్యులు చెబుతారు. ఉమ్మడి కుటుంబాలు దీనికి ముందుగానే ఏర్పాట్లు చేసుకోవాలి. మళ్ళీ గర్భం ధరించడానికి కనీసం 6 నెలలు ఆగాలి.

బిడ్డకు పాలు మాన్పించిన తల్లి మనసు ఎంత కలత చెందుతుందో తల్లులకు వేరే చెప్పనక్కరలేదు. దివ్య ఖుర్ఆన్ పాలిచ్చే పూర్తి గడువును రెండు సంవత్సరాలుగా పేర్కొంటూనే, తల్లిదండ్రులు పరస్పర అంగీకారంతో ముందుగా మాన్పించడాన్ని, మరొక స్త్రీ చేత పాలిప్పించడాన్ని అనుమతించింది (అల్ బఖర: 233). ఆమె తన విధిలో లోపం చేసినట్లు భావించుకోనక్కరలేదు. బంధువులలో ఎవరైనా పాలిస్తే, పాల బంధుత్వం వల్ల వివాహ నిషేధాలు ఏర్పడతాయి కనుక ఆ సంగతిని ఇరు కుటుంబాలూ గుర్తుంచుకోవాలి.

ఇంటివారి బాధ్యత

వ్యాధి మెడలో ఉన్నా, దాని భారం ఇల్లంతా మోయాలి. ఖర్చు పుట్టింటివారిదా, అత్తింటివారిదా అన్న వాదనలో వారాలు గడిపివేయడం కంటే దారుణం మరొకటి లేదు. కోడలికి క్యాన్సర్ అని ఊరికి తెలిస్తే ఇంట్లోని ఆడపిల్లలకు సంబంధాలు రావని దాచిపెట్టడమూ అన్యాయమే. ఇది అంటువ్యాధి కాదు. పాపిల్లరీ రకం సకాలంలో చికిత్స పొందిన యువతులలో అత్యధికులు దీర్ఘకాలం ఆరోగ్యంగా జీవిస్తున్నారు. చికిత్స ముగిసి, వ్యాధి జాడలు లేని స్త్రీకి మళ్ళీ గర్భం రావడం వల్ల వ్యాధి తిరగబెట్టే ప్రమాదం పెరగదు.

భర్త చేయగల పనులు చిన్నవిగా కనబడినా విలువైనవి. నివేదికలన్నింటినీ తేదీల వరుసలో ఒక ఫైలులో పెట్టడం, పరీక్షల తేదీలు గుర్తుంచుకోవడం, వైద్యుని ముందు భార్యతోపాటు కూర్చొని వినడం, తెల్లవారుజామున మాత్ర గుర్తుచేయడం. అత్తగారు ఆమెను పొద్దున్నే టీ తాగమని బలవంతపెట్టకపోవడం కూడా ఒక సేవే.

ఖర్చు విషయంలో, 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన ప్రభుత్వ పథకం క్యాన్సర్ శస్త్రచికిత్సలకు వర్తిస్తుంది. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిస్తే అవసరమైన పత్రాల వివరాలు చెబుతారు. హైదరాబాదులోని నిమ్స్, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, తిరుపతిలోని స్విమ్స్, విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి సంస్థలలో రెండవ అభిప్రాయం తీసుకోవచ్చు. పాపిల్లరీ రకంలో రెండవ అభిప్రాయానికి వ్యవధి దాదాపు ఎప్పుడూ ఉంటుంది. మొదటి వైద్యుని వద్దనే, అదే రోజు, భయంతో సంతకం చేయనక్కరలేదు.

వైద్యుని అడగవలసినవి

ఆసుపత్రికి వెళ్ళేముందు ఈ ప్రశ్నలను కాగితంపై రాసుకొని వెళ్ళమని మా మనవి:

ఇది ఏ రకం క్యాన్సర్? గడ్డ పరిమాణం ఎంత? లింఫ్ గ్రంథులకు పాకిందా? కాన్పు దాకా ఆగడం వల్ల నష్టం ఉన్నదా? ఆగితే తదుపరి అల్ట్రాసౌండ్ ఎప్పుడు? ఏ మార్పు కనబడితే ముందే రావాలి? నా టీఎస్‌హెచ్ ఎంత ఉండాలి? ఆపరేషన్ అయితే గ్రంథి మొత్తం తీస్తారా, సగమా? కాన్పు తర్వాత ఎన్ని నెలలు పాలివ్వగలను?

గర్భాన్ని తొలగించుకోవాలని ఎవరైనా సలహా ఇస్తే మరొక ప్రశ్న తప్పక అడగాలి: ‘నా వ్యాధి రకానికి, ఈ దశకు అది ఎందుకు అవసరం?’ పాపిల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నదన్న ఒక్క కారణం గర్భస్రావానికి సరిపోదు. ఆ ప్రశ్న అడిగే ధైర్యం ఒక్కోసారి ఒక నిండు ప్రాణాన్ని నిలుపుతుంది.

ఈ వ్యాధితో కాన్పు కోసం ఎదురుచూస్తున్న సోదరీమణులందరికీ అల్లాహ్ సంపూర్ణ స్వస్థతను, వారి ఒడిలోకి ఆరోగ్యవంతులైన బిడ్డలను ప్రసాదించుగాక! ఆమీన్.